యాడికమ్మా పోతున్నావు?

పొద్దున్న అయిదున్నర. మార్కాపురంలో పాలపాకెట్ల అబ్బాయి కూడా ఇంకా మా వీధిలోకి రాలేదు. మా అబ్బాయికి కాళ్ళు పెరిగి వదిలేసిన పాత బూట్లు నా కాళ్ళకి తగిలించుకుని, చప్పుడు కాకుండా గేటు తీశాను. ఎదురింటి అరుగు మీద పళ్ళు తోముకుంటున్న పెద్దాయన వేపపుల్ల నోట్లోంచి తీసి అడిగారు.

"యాడికమ్మా పోతున్నావు, ఇంత పొద్దన్నే?"

"ఎక్కడికీ లేదు బాబాయిగారూ, నడవడానికి."

"అదేనమ్మా. యాడికి నడిచి పోతున్నావు అంటున్నా."

నా దగ్గిర జవాబు లేదు. ఆడది ఇల్లు కదిలిందంటే గుడికో, ఆస్పత్రికో, కూరగాయలకో, పిల్లల బడికో, పేరంటానికో అయి ఉండాలి. ఈ అయిదింటిలో ఒక్కటీ కాకుండా, చేతిలో సంచీ అయినా లేకుండా, ఊరికే రోడ్డు మీద నడిచే ఆడదాన్ని ఏ లెక్కలో వెయ్యాలో ఆయనకి తెలియలేదు. తప్పు ఆయనదనను. అంతకుముందు నలభై నాలుగేళ్ళుగా నాకూ తెలియలేదు.

ఇంతలో మా సందు మలుపులోంచి నలుగురు మగవాళ్ళు వచ్చారు. నిక్కర్లూ, టోపీలూ, చేతుల్లో కర్రలూ. దేశ రాజకీయాలు మాట్లాడుకుంటూ, చేతులూపుకుంటూ మా ఇద్దరి ముందునుంచే వెళ్ళిపోయారు. వాళ్ళు నడక పూర్తి చేసి టీకొట్టు దగ్గిర ఆగుతారని, అక్కడ తలా నాలుగు మిరపకాయ బజ్జీలు తింటారని ఊరందరికీ తెలుసు. వాళ్ళని మాత్రం బాబాయిగారు "యాడికి" అని అడగలేదు. మగవాడి నడకకి కారణం అక్కర్లేదు. ఆడదాని నడకకి చిరునామా కావాలి!

అసలు నేనెందుకు నడవాల్సి వచ్చిందో ముందు చెప్పాలి గదా.

రెండేళ్ళ కిందట మోకాళ్ళనొప్పులతో డాక్టరు దగ్గిరకి వెళ్ళాను. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు డెబ్బై ఎనిమిది కిలోలు. ఆయన ఏవో లెక్కలు కట్టి, మన దేశంవాళ్ళకి 23 దాటితే బరువెక్కువ, 25 దాటితే ఊబకాయం, మీది 31 దాటింది అన్నారు. మూడునెలల షుగరు సగటు చూపించే రక్తపరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి హద్దు మీద ఉన్నట్టు, 6.5 తాకితే జబ్బులోకి అడుగు పెట్టినట్టట. "బరువు తగ్గండి. నడవండి. అన్నం తగ్గించండి" అని మూడు ముక్కలు చెప్పి చీటీ చేతికిచ్చారు. ఎప్పుడు నడవాలో, ఎక్కడ నడవాలో, నేను నడిచే ఆ గంటా ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారో చీటీలో రాసి లేదు.

ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు నన్ను కిందనుంచి పైదాకా చూసి అన్నారు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నువ్వేంటే తల్లీ, కరక్కపోగా పెరుగుతున్నావు?"

నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. కూర్చుని తినడమా? నేనా? ఈ వ్యాసం ఆ మంటలోంచి పుట్టిందే.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! ఒక్కసారి మీ ఇంట్లో మీరు అన్నం తినే వేళ గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే అందరికీ టిఫిన్లు పెట్టి, డబ్బాలు కట్టి, మనం తినేది పదిన్నరకి, అదీ నిలబడి. పిల్లాడు సగం తిని వదిలేసిన దోసె, చల్లారిన ఉగ్గాని, అడుగున మిగిలిన చట్నీ. మధ్యాహ్నం రెండున్నరకి భోజనం. రాత్రి అందరూ తిని లేచాక, టీవీలో సీరియళ్ళు కూడా అయిపోయాక, పదింటికి మన కంచం. అప్పటికి కూరలుండవు, పప్పు అడుగంటి ఉంటుంది. ఉండేది అన్నమూ, ఊరగాయా. "ఇంత అన్నం పారేస్తే మహాపాపం" అనుకుంటూ గిన్నె ఖాళీ చేసి, గిన్నె కడిగి, పడుకుంటాం.

అన్నం పారెయ్యడం పాపమే. కాదనను. కానీ ఆ పాపం కడుక్కోడానికి మన పొట్టే దొరికిందా? ఇంటిల్లిపాదికీ ఒక కుడితితొట్టి ఉంటుంది, దానికి గాజులుంటాయి! మాట కటువుగా ఉంటే క్షమించండి. పదహారేళ్ళు ఆ తొట్టిగా బతికినదాన్ని గనక అనే హక్కు నాకుంది.

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్ళలో 36.3 శాతం మంది ఉండాల్సినదాని కన్నా ఎక్కువ బరువున్నారు. అదే సర్వేలో మన రాష్ట్రపు ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని కూడా తేలింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. వందలో ముప్ఫయ్యారు మందికి ఒళ్ళెక్కువ, యాభైతొమ్మిది మందికి రక్తం తక్కువ. అంటే కొందరు ఆడవాళ్ళయినా రెండు జాబితాల్లోనూ ఉండే ఉంటారు. బాగా తిని బలిసినవాళ్ళకి రక్తం ఎందుకు తగ్గుతుంది చెప్పండి? మనం తినేది ఎక్కువ కాదు. తినేది అన్నం ఎక్కువ. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు, పండు ఇంట్లో మిగతా కంచాల్లోకి వెళ్ళిపోయాక మన కంచంలో మిగిలేది తెల్లటి అన్నమే. ఒంట్లో కొవ్వు చేరుతుంది, రక్తం మాత్రం చేరదు.

"ఇంటెడు చాకిరీ చేస్తున్నాం గదా, మళ్ళీ వేరే నడకెందుకూ?" అంటారు. నేనూ అన్నాను. ఇంటిపని ఒళ్ళు అలిసేలా చేస్తుంది, నిజమే. కానీ ఊపిరి వేగంగా ఆడేలా, గుండె గట్టిగా కొట్టుకునేలా చేసే పని అందులో ఎంతుంది? రోలూ రోకలీ, తిరగలీ పోయి మిక్సీ వచ్చింది. బావి పోయి కుళాయి వచ్చింది, బట్టలకి మిషనొచ్చింది. మిగిలింది నిలబడ్డం. పొయ్యి ముందు నిలబడ్డం, సింకు ముందు నిలబడ్డం. నిలబడితే కాళ్ళు వాస్తాయి గాని కొవ్వు కరగదు. పని వేరు, వ్యాయామం వేరు. మొదటిది ఇంటి కోసం, రెండోది మన కోసం. చిక్కంతా ఆ రెండోదానితోనే!

"టైమెక్కడిదీ?" అనేది రెండో మాట. దీనికి ప్రభుత్వంవారి లెక్కే ఉంది. 2024లో దేశమంతటా, మనుషులు రోజంతా ఏయే పనులకి ఎంతసేపు పెడుతున్నారో సర్వే చేశారు. జీతంలేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు వాటి మీద రోజుకి సగటున 289 నిమిషాలు గడుపుతున్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. ఆ ఎనభై ఎనిమిదీ చూసి మగవాళ్ళు ఫర్వాలేదే అనుకోకండి. అది ఇంటిపని చేసే మగవాళ్ళ సగటు మాత్రమే. అసలు వంటింటి గడప తొక్కనివాళ్ళు ఆ లెక్కలోకే రారు! ఆ తేడాలోంచి ఒక్క నలభై నిమిషాలు మన వైపుకి జరిపితే చాలు, డాక్టరు చీటీలో రాయని ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. ఆడదాని ఒళ్ళు ఆవిడ సొంత నేరమన్నట్టు మాట్లాడతారు గాని, ఆ నేరంలో ఇంటిల్లిపాదికీ వాటా ఉంది.

పెళ్ళిళ్ళలో చూస్తుంటాం. "ఏవిటమ్మా, ఇలా లావైపోయావు?" అని బుగ్గలు నొక్కుకునే ఆవిడే, అయిదు నిమిషాల తర్వాత పంక్తిలో మన విస్తట్లో రెండో లడ్డూ బలవంతంగా వేసి, "మా మీద కోపమా?" అంటుంది. తింటే లావు, తినకపోతే పొగరు. ఇక మనం ఎటు పోవాలి?

ఇప్పుడు తిండి సంగతి. మాది 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న ప్రాంతం. జిల్లాల పేర్లూ సరిహద్దులూ ఎన్నిసార్లు మారినా మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెల నేల మారలేదు. వాన తక్కువ నేల. జొన్నా సజ్జా, కొర్రా ఆరికా, కందీ అలసందా పండే నేల. మా అమ్మమ్మ ఇంట్లో వరన్నం పండక్కీ, చుట్టాలొచ్చినప్పుడూ వండేవాళ్ళట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దాన్ని తప్పు పట్టే నోరు నాకు లేదు. ఎన్ని ఇళ్ళలో ఆకలి తీర్చిందో మా పల్లెకి తెలుసు. కానీ బియ్యం చౌకగా రావడంతోటే అది గొప్పింటి తిండి అన్న మోజూ కలిసి వచ్చింది. సంగటి తినేవాళ్ళు నామోషీ పడ్డారు. పండగనాటి వరన్నం మూడుపూటలా అన్నమైంది. పొలంలో రోజంతా వంగి పనిచేసే ఒళ్ళు దాన్ని అరాయించుకుంది. పలకల ఊళ్ళో, మేడమీద, ఫాను కింద ఉండే మన ఒళ్ళు అరాయించుకోలేకపోయింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహాల్లో, రోజుకి మన ఒంటికి అందే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని ఉంది. మన కంచంలో ఆ వాటా ఎంతో చూడ్డానికి ప్రయోగశాల అక్కర్లేదు. అన్నపు కుప్ప మధ్యలో చిన్న గుంట చేసి పప్పు పోసుకుంటాం గదా, కుప్పెంతో గుంటెంతో చూస్తే చాలు.

ఇక్కడొక మోసం గురించి హెచ్చరించాలి. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. అప్పటినుంచీ మా అమ్మమ్మ తిన్న కొర్రలు రంగు సంచుల్లో, మందుల్లా, బియ్యానికి రెండుమూడింతల ధరకి అమ్ముతున్నారు. కొర్రలు మంచివే. పీచుంది, కొంచెం తినగానే కడుపు నిండినట్టుంటుంది. కానీ వంద గ్రాముల బియ్యంలోనూ, వంద గ్రాముల కొర్రల్లోనూ ఉండే శక్తి ఇంచుమించు ఒకటే, 350 కేలరీలకి అటూఇటూ. అన్నం మానేశాను గదా అని కొర్రన్నం అంతే కుప్ప పెట్టుకుంటే కుప్ప రంగు మారుతుందే గాని నడుం కొలత మారదు. మా వదినగారికి ఈ సంగతి ఆర్నెల్లు తిన్నాక అర్థమైంది!

ఇంకో లెక్క. డెబ్బై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 120, 130 కేలరీలు. రెండు చెంచాల పంచదార వేసిన టీ రోజుకి నాలుగు తాగితే, పాల సంగతి వదిలేసినా, ఆ పంచదారలోనే 160 ఉంటాయి. అంటే పొద్దున్న చెమటోడ్చి నడిచిన నడకంతా సాయంత్రానికి టీకప్పులో మునిగిపోయినట్టే. మన బజ్జీల బృందం ఏళ్ళ తరబడి నడుస్తున్నా పొట్టలు ఎందుకు తగ్గలేదో ఇప్పుడర్థమైందా? బరువు తగ్గించడంలో నోటిది పెద్దపీట, కాళ్ళది చిన్నపీట.

మరైతే నడవడం ఎందుకు? అక్కడికే వస్తున్నా. 1953లో జెరీ మోరిస్ అనే డాక్టరు లండను బస్సుల్లో పనిచేసేవాళ్ళ గుండెజబ్బుల లెక్క తీశాడు. ఒకే బస్సు, ఒకే రోడ్డు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా, మేడబస్సు మెట్లు ఎక్కుతూ దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనబడ్డాయి. ఇంత దూరం ఎందుకు, మన పక్కనున్న చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగరు హద్దు మీదున్న మనవాళ్ళని కొన్నేళ్ళు గమనించి 2006లో ఫలితం ప్రకటించింది. తిండి సర్దుకుని నడక లాంటివి అలవాటు చేసుకున్నవాళ్ళలో షుగరు జబ్బులోకి జారిపోయే ప్రమాదం 28 శాతానికి పైగా తగ్గింది. తమాషా ఏమిటంటే వాళ్ళ బరువేమీ పెద్దగా తగ్గలేదు! బరువుయంత్రం ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంటుందన్నమాట. కాబట్టి ముల్లు చూసి ఏడవకండి. లావుగా ఉన్నవాళ్ళంతా రోగిష్ఠులూ కారు, సన్నగా ఉన్నవాళ్ళంతా ఆరోగ్యవంతులూ కారు.

పదివేల అడుగులు నడవాలన్న బెదిరింపూ అంతే. ఆ అంకె 1965లో జపానువాళ్ళు అమ్మిన అడుగులు లెక్కపెట్టే యంత్రం పేరులోంచి పుట్టింది, వైద్యశాస్త్రంలోంచి కాదు. 2019లో అమెరికాలో, సగటున 72 ఏళ్ళున్న పదహారు వేలమంది పైచిలుకు ఆడవాళ్ళని చూస్తే, రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళ కన్నా 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి కనీసం 150 నిమిషాలు. అంటే అయిదు రోజులు, రోజుకో అరగంట. ఒక సీరియలంత!

ఇక్కడిదాకా రాసి కలం ఆపేశాను. మా అమ్మ గుర్తొచ్చింది.

మా పుట్టిల్లు కంభం దగ్గిర ఓ పల్లె. కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ గుండ్లకమ్మకి అడ్డంగా కట్టించిందని చెప్పుకునే కంభం చెరువు మాకెంతో దూరం కాదు. 2020లో దానికి ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడమని గుర్తింపు వచ్చింది. అంత పేరున్న చెరువు పక్కనే ఉన్నా, మా పల్లెలో తాగేందుకు నీళ్ళుండేవి కావు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. తాగిన పిల్లల పళ్ళు పసుపుపచ్చగా గారపట్టేవి, పెద్దవాళ్ళ కీళ్ళు బిగుసుకుపోయేవి. మంచినీళ్ళ కోసం అమ్మ నెత్తిన ఒకటి, చంకన ఒకటి బిందెలు పెట్టుకుని ఊరవతల బావికి రోజుకి మూడుసార్లు నడిచేది. మైలు పోను, మైలు రాను. ఏ డాక్టరు చెప్పినదానికన్నా ఎక్కువే నడిచింది. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేసినప్పుడు "ఇంక నీ బిందె దింపొచ్చులేమ్మా" అన్నాను. అప్పుడు నేను హైస్కూలు పిల్లని. ఇవాళ మా అబ్బాయి హైస్కూల్లో ఉన్నాడు.

నడకే ఆరోగ్యమైతే మా అమ్మ నిటారుగా ఉండాలి గదా? యాభై అయిదేళ్ళకే నడుం వంగిపోయింది. నా నడక సంగతి ఫోనులో చెబితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. "మేము నడవలేక చచ్చాము. మీరు నడవక చస్తన్నారా?"

నాకు చురుక్కుమంది. ఆలోచిస్తే తెలిసింది, మా అమ్మ నడిచింది బిందె కోసం. నడకలో తల ఎత్తడానికి లేదు, చెయ్యి ఊపడానికి లేదు, ఆగి ఊపిరి పీల్చుకోడానికి లేదు. తినేది సరిపోదు, తాగేది విషం. అది నడక కాదు, మోత. అమ్మకి దక్కనిదీ, నాకు దక్కనిదీ ఒకటే. తన ఒంటి కోసం తనకంటూ ఓ గంట. ఆవిడకి మోత మిగిలింది, నాకు మిగిలిపోయిన అన్నం మిగిలింది. ఆవిడ ఎండిపోయింది, నేను ఉబ్బిపోయాను. జబ్బు ఒక్కటే, రెండు ముఖాలంతే!

త్రిపురాంతకాన్ని శ్రీశైలానికి తూర్పు ద్వారం అంటారు. ద్వారం అని పేరెందుకు పెట్టారు? నడిచి వెళ్ళేవాళ్ళు అటునుంచి కొండల్లోకి అడుగుపెట్టేవాళ్ళు గనక. దేవుడి పేరు చెబితే ఆడది నల్లమల అడవిలో నడిచినా పుణ్యమే. తన పేరు చెప్పుకుని సొంత వీధిలో నడిస్తే మాత్రం "యాడికమ్మా?" అనే ప్రశ్న! మొదట్లో నేనూ దొంగదారి పట్టాను. "చెన్నకేశవస్వామి గుడికి" అనేదాన్ని. స్వామి క్షమించుగాక, నెలరోజులు ఆయన పేరు మీదే నడిచాను. ఓ రోజు సిగ్గేసింది. నా గుండె కోసం, నా కాళ్ళ కోసం నేను నడుస్తూ అబద్ధం ఆడ్డమెందుకని మానేశాను.

ఈ లోపల నాకు సలహాలు చెప్పనివాళ్ళు లేరు. ఒకావిడ డబ్బాలో పొడి తెచ్చింది, నెలకి కొన్ని వేలు. పాలల్లో కలుపుకుని రాత్రి భోజనం మానెయ్యాలిట. ఒకాయన కడుపుకి కట్టుకునే బెల్టు చూపించాడు. అన్నం ముట్టకుండా నూనెలే తాగమని ఒకరు, నిమ్మరసం మీద బతకమని మరొకరు. 2025లో మన దేశంలో కొత్తరకం సూదిమందులూ అమ్మకానికొచ్చాయి. అవి డాక్టరు చూసి, అవసరమున్నవాళ్ళకి ఇవ్వాల్సిన మందులు. పక్కింటావిడని చూసి పొడిపించుకునేవి కావు. ఈ పొడులవాళ్ళందరిదీ ఒకటే ధీమా. ఇల్లు మారదు, ఇంటి వేళలు మారవు, మారాల్సింది ఆడది ఒక్కతే అని! డబ్బు కట్టి కడుపు మాడ్చుకోడానికి సిద్ధపడతాం గాని, మొగుడితో "రేపట్నించీ పొద్దున్న పొయ్యి మీరు వెలిగించండి" అనడానికి మాత్రం మనకి నోరు రాదు.

నేనన్నాను. మావారు పేపరు పక్కకి తీసి, "నాకు ఉప్మా రాదే" అన్నారు. "నాకూ పుట్టినప్పుడు రాదు" అన్నాను. మొదటి వారం ఉప్మా జావలా ఉంది, రెండోవారం ఇటుకలా ఉంది. మా అత్తగారు మూడురోజులు అలిగారు. నేను మాత్రం బూట్లు విప్పలేదు. ఇప్పుడాయన ఉప్మా బాగానే చేస్తారు. చేసినప్పుడల్లా నలుగురికీ చెప్పుకుంటారు, అది వేరే సంగతి!

నేను చేసిందేమిటో చెప్తాను, ఇందులో రహస్యమేమీ లేదు. రాత్రి ఎనిమిదింటికి అందరం ఒకేసారి కూర్చుని తింటాం. కూరలు ఒకరి తర్వాత ఒకరికి కాకుండా అందరికీ ఒక్కసారే వడ్డన. నా కంచంలో సగం కూర, ఆకుకూర. ఓ పక్క పప్పో గుడ్డో గుగ్గిళ్ళో, మిగిలిన చోట మాత్రమే అన్నమో జొన్నరొట్టో. టీలు రెండయ్యాయి, అందులో పంచదార చెంచా అయింది. బియ్యం డబ్బాతో కొలిచి పోస్తున్నా గనక అన్నం మిగలదు. మిగిలినా గేటు బయట కుక్కలున్నాయి, ఆవులున్నాయి. నేను మాత్రం లేను. పొద్దున్న నలభై నిమిషాలు నడక. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అదీ వేగం. మా ఊరు పలకల ఊరు గదా! వంటింటి గోడకి ఒక పలక వేలాడదీసి, నడిచిన రోజున బలపంతో ఒక గీత గీస్తాను. బరువు దాని మీద రాయను. మొదటి నెల ఇరవై గీతలు, అయిదో నెల వానలకి పదకొండే. పదకొండయినా చెరిపి మళ్ళీ మొదలుపెట్టాను. పలక ఉన్నది అందుకే.

పధ్నాలుగు నెలల్లో పది కిలోలు తగ్గాను. తర్వాత అయిదు నెలలుగా ఒక్క కిలో తగ్గలేదు. నాకేం దిగుల్లేదు. షుగరు 5.6కి వచ్చింది. మోకాళ్ళు మేడమెట్లు ఎక్కుతున్నాయి. అద్దంలో అప్సరసను కాలేదు, కావాలనీ లేదు. మోకాళ్ళ నొప్పి, ఆయాసం, థైరాయిడు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుకి చూపించుకోండి, నన్ను చూసి పరుగెత్తకండి.

ఊరిని కూడా నాలుగు మాటలు అడగాలి. వీధిలైట్లు ఆడవాళ్ళు నడిచే వేళకి వెలుగుతాయా? రోడ్డు పక్కన నడిచే చోటుని బళ్ళూ, కంకర కుప్పలూ వదిలిపెడతాయా? కుక్కల గుంపుల సంగతి ఎవరు చూస్తారు? మైదానాలు మగపిల్లల క్రికెట్టుకేనా, మనకో మూల ఉందా? ఓట్లడగడానికి మన గుమ్మాలకి వచ్చినప్పుడు చీరలూ కుంకుమభరిణెలూ వద్దు, నడిచేందుకు ఓ దారి చూపించమనండి. గిద్దలూరైనా, కంభమైనా, మార్కాపురమైనా అడిగేది ఇదే.

ఇప్పుడు మేము ఏడుగురం. ఒక టీచరమ్మ, ఒక బట్టలకొట్టావిడ, ఇద్దరు కొత్తకోడళ్ళు, ఒక బామ్మగారు, మా పక్కింటి పిన్ని, నేను. బామ్మగారు వెనకబడితే ఆగుతాం. ఎదురింటి అరుగు మీద బాబాయిగారు వేపపుల్లతో రోజూ ఉంటారు. మొన్న ఆయన కోడలు, పెళ్ళయి ఏడాది కాలేదు, గేటు తీసుకుని బయటికొచ్చింది. కాళ్ళకి కొత్త బూట్లు. ఆయన అలవాటు కొద్దీ అడిగారు.

"యాడికమ్మా పోతున్నావు?"

ఆ పిల్ల ఒక్క క్షణం మా వంక చూసింది. తర్వాత మామగారికేసి తిరిగి, నెమ్మదిగానే, తల మాత్రం దించకుండా చెప్పింది.

"యాడికీ కాదు మామయ్యా. నడుస్తా ఉండా."